ఈత పోటీ రోజు: బ్లాక్ ఎక్కేముందు చూసుకోవాల్సినవి

మే నెలలో బెజవాడలో పోటీ అంటే సగం పోరు ఎండతోనే. పొద్దెక్కితే పూల్ గట్టు కాలిపోతుంది, చెప్పులు బ్లాక్ (దూకే దిమ్మ) దాకా ఉండాలి. టిఫిన్ రెండు గంటల ముందే, ఇడ్లీతో సరిపెట్టండి. పెసరట్టు ఉప్మా రేసు అయ్యాక.

గాగుల్స్: డైవ్‌లో జారిపోతుంటే పట్టీ మీద ఇంకో క్యాప్ వేయండి. రెండు క్యాపులకు రూల్ ఒప్పుకుంటుంది, రెండు స్విమ్‌సూట్లకు ఒప్పుకోదు.

బ్రెస్ట్‌స్ట్రోక్: పిల్లలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. టర్న్‌లోనూ ఫినిష్‌లోనూ రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి, ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. అలసిపోయాక ఒక భుజం ముందుకు జారి ఆ చెయ్యే ముందు తగులుతుంది. వార్మప్‌లో నాలుగైదు టర్న్‌లు నిదానంగా చేయించి, గట్టు మీద నుంచి ఒకరు చేతులే చూడాలి. స్టార్ట్, టర్న్‌ల తర్వాత డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి పైకీ కిందికీ కొట్టేది) ఒక్కటే, అదీ మొదటి బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌కి ముందే. బటర్‌ఫ్లైకీ రెండు చేతుల రూలే.

బ్యాక్‌స్ట్రోక్: గోడకు 5 మీటర్ల ముందు జెండాల తాడు ఉంటుంది. అక్కడి నుంచి గోడకు మీకు ఎన్ని స్ట్రోకులో రేసు వేగంతోనే లెక్కపెట్టుకోండి, మెల్లగా ఈది లెక్కపెడితే తప్పు వస్తుంది. వెల్లకిలా ఉండగానే ఫినిష్.

ఇవి కాక: బ్రెస్ట్‌స్ట్రోక్ మినహా మిగతావాటిలో స్టార్ట్, టర్న్‌ల తర్వాత 15 మీటర్లలోపు తల నీళ్ల బయటికి రావాలి. సిగ్నల్‌కు ముందే దూకితే రెండో అవకాశం లేదు. వ్యక్తిగత మెడ్లేలో (ఒకరే నాలుగు స్ట్రోకులూ ఈదేది) వరుస బటర్‌ఫ్లై, బ్యాక్, బ్రెస్ట్, ఫ్రీస్టైల్. మెడ్లే రిలేలో (నలుగురు తలో స్ట్రోక్ ఈదేది) మాత్రం బ్యాక్‌తో మొదలు.

కొత్త పూల్ అయితే బ్లాకుల దగ్గర లోతు అడగండి. 1.35 మీటర్లకు తక్కువైతే డైవ్ వద్దు, నీళ్లలోంచే స్టార్ట్ ఇమ్మనండి.