పాత బెంచ్‌మార్క్ వెతకడానికి బయలుదేరే ముందు: జాగ్రత్తలు

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ పాత బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే కొలిచి రాయి మీదో, కట్టడం మీదో చెక్కిన సర్వే గుర్తు) కోసం వెళ్లేముందు దాని వివరణ పూర్తిగా చదవండి. ‘కల్వర్టు మీద’ అని ఉంటే ఏ వైపు గోడ, ఏ మూల అన్నది రాసుకోండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కల్వర్టే కొత్తగా కట్టి ఉండొచ్చు. రాయిని పీకి మళ్లీ పాతారని అనుమానం వస్తే, జీటీఎస్ (గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే) అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నా ఆ ఎత్తు వాడకండి.

సున్నం పూసిన రాయిని ఇనుప ముక్కతో గీకొద్దు. తడిగుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేయండి. చెక్కిన గీతలు పైకి తేలతాయి, స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) ఎక్కడ నిలపాలో తెలుస్తుంది. రైల్వే హద్దులో అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు.

అసలు టెన్షన్ అంకెలతోనే.

- పాత ఎత్తు అడుగుల్లో ఉంటే 0.3048తో గుణించండి.
- 100.000 అని ఉంటే చాలావరకు అది పని కోసం అనుకున్న ఎత్తు. సముద్రమట్టంతో దానికి సంబంధం ఉండదు.
- జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం నుంచి కొలిచినది. మన తీరంలో సగటు సముద్రమట్టంతో దానికి పదుల మీటర్ల తేడా. కళింగపట్నం ఒడ్డున మైనస్ అంకె వస్తే కంగారు పడకండి. ఏ జియాయిడ్ మోడల్‌తో (ఆ ఎత్తును సముద్రమట్టం ఎత్తుగా మార్చే లెక్క) సవరించారో తప్పక రాయండి.
- 1909 నాటి డేటమ్‌కి (ఎత్తులు లెక్కించే సున్నా మట్టానికి) ఆధారమైన 9 టైడ్ స్టేషన్లలో (ఆటుపోట్లు కొలిచే చోట్లలో) విశాఖపట్నం ఒకటి. హార్బర్ చార్టుల సున్నా వేరు, ఇంకా కిందికి ఉంటుంది. రెండూ కలపొద్దు.

ఒక్క రాయినే నమ్మకండి. రెండోదాని దాకా లెవెలింగ్ (ఎత్తుల తేడా కొలవడం) చేసి మళ్లీ మొదటిదానికి రండి. 2 కి.మీ. లూప్‌లో తేడా 17 మి.మీ. దాటితే తిరిగి కొలవండి. కాగితం మీద సర్దేస్తే, ఆ లెవెల్‌తో కట్టిన కాలవలో నీళ్లు వెనక్కి తంతాయి.