జెమ్స్ బిళ్ళలతో అమ్మమ్మ బొమ్మ

ముందే చెప్తున్నా, ఇది ఒక్క పూటలో తేలే పని కాదు. మేము అమ్మమ్మ పుట్టినరోజుకి చేద్దామని మొదలుపెట్టి, సరైన లెక్క లేకుండా కూర్చున్నాం. సగం బొమ్మ అయ్యేసరికి పసుపు బిళ్ళలు అయిపోయాయి (అయిపోయాయంటే, పిల్లలు తినేశారు).

ముఖం మాత్రమే ఉండేలా ఫొటోని దగ్గరగా కత్తిరించండి. చీర, వెనకాల గోడ, పూలకుండీ ఏవీ వద్దు. అడ్డంగా 40, నిలువుగా 50 గళ్ళు చాలు, అంటే 2,000 బిళ్ళలు. అంతకంటే తగ్గిస్తే కంటికి రెండు మూడు గళ్ళే మిగులుతాయి, అప్పుడు అమ్మమ్మ ఎవరో పక్కింటావిడలా ఉంటుంది. పది బిళ్ళలు వరసగా పేర్చి స్కేలుతో కొలిచి పదితో భాగిస్తే గడి సైజు తెలుస్తుంది. 13 మిల్లీమీటర్లు వస్తే బొమ్మ 52 సెంటీమీటర్ల వెడల్పు, 65 ఎత్తు ఉంటుంది. బోర్డు దానికి తగ్గట్టు కొనుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతి. ముఖం గుర్తుపట్టేది రంగుని బట్టి కాదు, వెలుగు నీడల్ని బట్టి. 1973లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే లియాన్ హార్మన్ అబ్రహాం లింకన్ ముఖాన్ని కాసిని పెద్ద పెద్ద బూడిదరంగు గళ్ళతో చూపించాడు, దూరం నుంచి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి చర్మం రంగు బిళ్ళ దొరకలేదని టెన్షన్ పడకండి. రంగుకొక బిళ్ళ వరసలో పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఏది ముదురు, ఏది లేత అన్నది అక్కడే తేలిపోతుంది. పసుపు అన్నిటికంటే లేతగా కనిపిస్తుంది, నుదురు, ముక్కు మీద మెరుపుకి అదే. ముదురుగా తేలినవి జుట్టుకి, కనుబొమలకి. బొట్టుకి మాత్రం ఎర్రబిళ్ళే, అక్కడ ఏ లెక్కా లేదు.

గళ్ళు చెయ్యడానికి గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. ఫొటో కాంట్రాస్ట్ పెంచి, సైజు 40 బై 50 పిక్సెల్స్‌కి తగ్గించి, మోడ్‌లో ఇండెక్స్‌డ్ (మనం ఇచ్చిన రంగులే వాడేది) ఎంచుకుని, మీ దగ్గరున్న బిళ్ళల రంగులతో మీరే చేసుకున్న ప్యాలెట్, అంటే రంగుల జాబితా, ఇవ్వండి. డిథరింగ్ (రెండు రంగుల చుక్కలు కలిపి మధ్య రంగులా అనిపించేలా చెయ్యడం) పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. చిన్న బొమ్మకి తీసేస్తేనే ముఖం శుభ్రంగా వస్తుందని నా అనుభవం. దాన్ని పెద్దది చేసి ప్రింట్ తీసి, ఏ రంగు ఎన్నో లెక్కేసి, నూటికి పదిహేను ఎక్కువ కొనండి. ఎందుకో పైన చెప్పాను.

బిళ్ళలు గుండ్రం కాబట్టి గళ్ళలో ఎంత ఆనించి పేర్చినా మధ్యలో సుమారు 21 శాతం జాగా ఖాళీగానే ఉంటుంది, అక్కడ అడుగున ఉన్న చార్టు కనిపిస్తుంది. నల్లచార్టు వేస్తే మొత్తం ముదురుగా, తెల్లచార్టు వేస్తే లేతగా అనిపిస్తుంది. ముఖం ఛాయని బట్టి తేల్చుకోండి. చార్టు మీద పెన్సిల్‌తో గళ్ళు గియ్యడం చుక్కలముగ్గు పెట్టినట్టే, మొదటి వరస వంకరైతే చివరిదాకా వంకరే.

అంటించడానికి ఫెవికాల్ వాడకండి, అందులో నీళ్ళుంటాయి, పైనున్న చక్కెర పొర కరిగి రంగు కారుతుంది. వేడి జిగురు పెడితే లోపల చాక్లెట్ కరుగుతుంది. వరసకో డబుల్‌సైడ్ టేపు వేసుకుంటూ పొండి. ఒకరు పైనుంచి "పసుపు ఏడు, నారింజ మూడు" అని చదువుతుంటే ఇంకొకరు పెట్టాలి, ఒక్కరే చేస్తే ఎక్కడున్నామో మర్చిపోతారు. నాలుగైదు వరసలకోసారి లేచి గది ఆ చివరికెళ్ళి కళ్ళు సగం మూసి చూడండి, తప్పు ఉంటే అప్పుడే దొరుకుతుంది.

ఎండాకాలంలో పెట్టుకోవద్దు, చలికాలమే మంచిది. చీమలకి బల్లకాళ్ళ కింద నీళ్ళపళ్ళేలు పెట్టండి. పిల్లలకి వేరే ప్యాకెట్లు కొనిచ్చేయండి, బోర్డు మీదవాటికి టేపు జిగురు అంటి ఉంటుంది.