లిమిటింగ్ రియేజెంట్ లెక్క ఎలా చేయాలి? యూరియా బస్తాతో చూద్దాం

రసాయన చర్యలో ముందుగా అయిపోయి, ఇక చర్య నడవకుండా ఆపేసే పదార్థమే లిమిటింగ్ రియేజెంట్. ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలో దాన్ని కనుక్కునే లెక్క రాగానే చాలామంది ఇచ్చిన బరువుల్లో ఏది తక్కువో చూసి దాని మీద వేలు పెడతారు. ఇంకొందరు మోల్‌లు కట్టి, తక్కువ మోల్‌లున్నదాన్ని పట్టుకుంటారు. రెండు పద్ధతులూ తప్పే. ఒక్కోసారి జవాబు కలిసొస్తుంది కాబట్టి ఆ అలవాటు పోదు.

మన దగ్గర రామగుండంలో తయారయ్యే యూరియానే తీసుకుందాం. 340 గ్రాముల అమ్మోనియా, 528 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇచ్చారు. యూరియా ఎంత వస్తుంది? ఏది మిగులుతుంది?

1. ముందు సమీకరణం తుల్యం చేయండి. యూరియా అణువులో నైట్రోజన్లు రెండు, అమ్మోనియాలో ఒక్కటే. కాబట్టి:

2 అమ్మోనియా + 1 కార్బన్ డయాక్సైడ్ → 1 యూరియా + 1 నీరు

ఆ 2 మర్చిపోతే కింద ఎంత బాగా చేసినా మార్కులు రావు.

2. గ్రాములను మోల్‌లు చేయండి. అణుభారాలు అమ్మోనియాకు 17, కార్బన్ డయాక్సైడ్‌కు 44.
340 ÷ 17 = 20 మోల్‌లు
528 ÷ 44 = 12 మోల్‌లు

3. అసలు కిటుకు ఇక్కడుంది. ఒక్కోదాన్ని సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగించండి.
20 ÷ 2 = 10
12 ÷ 1 = 12

చిన్నది 10, కాబట్టి లిమిటింగ్ రియేజెంట్ అమ్మోనియా. మోల్‌లు చూస్తే కార్బన్ డయాక్సైడే తక్కువ కదా అనిపిస్తుంది. కానీ ఆ 12 మోల్‌లు పూర్తిగా ఖర్చు కావాలంటే 24 మోల్‌ల అమ్మోనియా కావాలి, ఉన్నవి 20. ఇంకో మాట, ఈ 10ని అమ్మోనియా మోల్‌లు అనుకోవద్దు. అవి 20 మోల్‌లే. చర్య ఎంతవరకు నడుస్తుందో చెప్పేదే ఈ 10.

4. ఇక మిగతావన్నీ ఆ 10తోనే. యూరియా అణుభారం 60, నీటిది 18.
యూరియా: 10 × 60 = 600 గ్రాములు
నీరు: 10 × 18 = 180 గ్రాములు
మిగిలిన కార్బన్ డయాక్సైడ్: (12 − 10) × 44 = 88 గ్రాములు

వేసిన బరువు 340 + 528 = 868. వచ్చింది, మిగిలింది కలిపితే 600 + 180 + 88 = 868. పరీక్షలో ఎంత తొందరున్నా ఈ కూడిక వదలొద్దు. నిజంగా చేతికి 540 గ్రాములే వచ్చిందంటే దిగుబడి 90 శాతం.

ఒక్క పదార్థం బరువే ఇస్తే మూడో మెట్టు అక్కర్లేదు. 45 కిలోల బస్తా యూరియాకు ఏమేం కావాలి? 45,000 ÷ 60 = 750 మోల్‌లు. అమ్మోనియా 1,500 మోల్‌లు, అంటే 25.5 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ 33 కిలోలు.

టన్నుల్లో ఇస్తే గ్రాములు చేసే పని లేదు, 34 భాగాల అమ్మోనియాకు 60 భాగాల యూరియా అనుకుంటే చాలు. రామగుండం ప్లాంటు సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. కాగితం మీద 2,200 × 60 ÷ 34 చేసి చూడండి, సుమారు 3,882 వస్తుంది. ఎంత దగ్గరగా ఉందో! అయితే యూరియా ప్లాంట్ల రియాక్టర్‌లోకి అమ్మోనియాను అవసరానికి మించి పంపి, మిగిలినదాన్ని మళ్లీ వెనక్కి తిప్పుతారు. కాబట్టి అక్కడ లిమిటింగ్ రియేజెంట్ కార్బన్ డయాక్సైడ్.