ఫిర్యాదు ఫొటో కింద ప్లస్ కోడ్

వీధిదీపం వెలగడం లేదనో, మ్యాన్‌హోల్ మూత విరిగిందనో ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే, మొదట వచ్చే ప్రశ్న అది ఎక్కడన్నదే. ఇంటి నంబర్లు వరుసలో లేని మన ఊళ్ళలో ‘గుడి వెనక సందు’ అంటే ఎవరికీ అంతుపట్టదు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటును వేలితో నొక్కి పట్టుకుంటే పిన్ను పడుతుంది. కింద వచ్చే వివరాలను పైకి జరిపితే, మధ్యలో కూడిక గుర్తు ఉన్న ప్లస్ కోడ్, అంటే అక్షరాలు, అంకెలతో రాసిన ఆ చోటు చిరునామా, కనిపిస్తుంది. దానిని కాపీ చేసి, ఊరి పేరుతో సహా ఫొటో కింద పెట్టాలి. అది సుమారు 14 మీటర్ల చదరాన్ని సూచిస్తుంది కాబట్టి మరమ్మతుకు వచ్చేవారికి సరిపోతుంది. పైగా నెట్ లేని ఫోనుకు కూడా చదివి చెప్పవచ్చు. ఊరి పేరు వదిలేస్తే మాత్రం అదే పొట్టి కోడ్ వంద కిలోమీటర్ల అవతలి మరో చోటును చూపవచ్చు.