మీ మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఆన్‌లోనే ఉంది, ఫ్రెండ్స్ మాత్రం లోపలికి రాలేకపోతున్నారా?

ఇది జావా ఎడిషన్‌లో సొంత కంప్యూటర్ మీద సర్వర్ పెట్టుకుని, ఫ్రెండ్స్‌తో సర్వైవల్ మొదలుపెట్టబోయి మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం. సర్వర్ ఫైల్ దించుకోవడం, రౌటర్ పేజీలోకి లాగిన్ కావడం, అందులో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎక్కడుందో వెతుక్కోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. వాటి జోలికి పోను.

సాయం అడగడానికి వచ్చేవాళ్లందరూ దాదాపు ఒకే మాట అంటారు: "అన్నీ చేసి చూశాను, అయినా రావట్లేదు." ఆ అన్నింటిలో అసలు చూడాల్సింది మాత్రం ఉండదు. సర్వర్ నడుస్తున్న కంప్యూటర్‌లోనే గేమ్ తెరిచి, అడ్రస్ దగ్గర 127.0.0.1 అని కొట్టండి, అంటే ఆ కంప్యూటరే అని అర్థం. మీరు లోపలికి వెళ్తున్నారా? వెళ్తే, అదే వైఫైలో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి మీ లోకల్ ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో సర్వర్ కంప్యూటర్‌కు ఉన్న అడ్రస్, కొట్టి చూడండి. సాధారణంగా అది 192.168 తో మొదలవుతుంది. అదీ పనిచేస్తే, అప్పుడు బయట ఉన్న ఫ్రెండ్‌ని పబ్లిక్ ఐపీతో, అంటే బయటి ఇంటర్నెట్‌కు కనిపించే మీ అడ్రస్‌తో, ప్రయత్నించమనండి. ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే కారణం సగం దొరికినట్టే. ఇది చూడకుండా రౌటర్ సెట్టింగులు కెలకడం మొదలుపెట్టకండి. దయచేసి.

127.0.0.1 తోనే రావట్లేదు

"కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వస్తే సర్వర్ అసలు నడవట్లేదు, లేదా వేరే పోర్ట్ మీద నడుస్తోంది. సర్వర్ విండో ఒక్క క్షణం మెరిసి మాయమవుతోందంటే మొదట యూలా (లైసెన్స్ ఒప్పందం) టెక్స్ట్ ఫైల్ చూడండి. అందులో ఫాల్స్ తీసేసి ట్రూ అని రాయనిదే సర్వర్ లేవదు.

అది సరిగ్గానే ఉంటే జావా వెర్షన్ చూడాలి. మైన్‌క్రాఫ్ట్ 1.18 నుంచి జావా 17, 1.20.5 నుంచి జావా 21, 26.1 నుంచి జావా 25 ఉండాలి. "గేమ్ బాగానే ఆడుతున్నానుగా, జావా ఉన్నట్టేగా" అంటారు. గేమ్ లాంచర్ తనకు కావలసిన జావాను తనే వెంట తెచ్చుకుంటుంది. సర్వర్‌కు ఆ సౌకర్యం లేదు, మీరు విడిగా పెట్టాల్సిందే.

ఎవరో వీడియోలో చెప్పారని సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో సర్వర్ ఐపీ దగ్గర ఏదైనా నంబర్ పెట్టి ఉంటే తీసేయండి. అది ఖాళీగానే ఉండాలి.

"ఔట్‌డేటెడ్" అంటోంది, లేదా ఫ్రెండ్‌కి మీ సర్వరే కనబడట్లేదు

వెర్షన్ తేడా. ఫ్రెండ్ లాంచర్‌లో సర్వర్ వెర్షన్‌నే ఎంచుకుంటే సరిపోతుంది. ఫ్రెండ్ ఫోన్‌లోనో కన్సోల్‌లోనో ఆడుతుంటే అది బెడ్‌రాక్ ఎడిషన్, మీ జావా సర్వర్‌లోకి నేరుగా రాలేరు. గీజర్ అనే ప్లగిన్ పెడితే దారి ఉంది కానీ మొదటి రోజే ఆ తలనొప్పి అక్కర్లేదు. ఇంతకీ ఈ ప్రశ్న ముందే అడగాలి. గంటన్నర కుస్తీ పట్టాక "నేను ఫోన్‌లో కదా ఆడేది" అనేవాళ్లు ఉంటారు.

మీకు వస్తోంది, అదే వైఫైలో ఉన్న ఇంకో కంప్యూటర్‌కు రావట్లేదు

ఇది నూటికి తొంభైసార్లు విండోస్ ఫైర్‌వాలే. అయితే "ఫైర్‌వాల్‌లో 25565 పోర్ట్ (మైన్‌క్రాఫ్ట్ సర్వర్ మామూలుగా వాడేది) తెరిచాను" అని మీరు చెప్పినంత మాత్రాన పనైపోలేదు.

సర్వర్ మొదటిసారి నడిపినప్పుడు విండోస్ ఒక చిన్న పెట్టె చూపించి అనుమతి ఇవ్వాలా అని అడుగుతుంది. కంగారులో దాన్ని క్యాన్సిల్ కొట్టి మూసేస్తాం. ఆ క్యాన్సిల్‌కు అర్థం "తర్వాత చూద్దాం" కాదు, "వద్దు" అని. జావాను అడ్డుకునే రూల్ ఒకటి అప్పుడే చడీచప్పుడు లేకుండా తయారైపోతుంది. విండోస్‌లో అడ్డుకునే రూల్, అనుమతించే రూల్ రెండూ ఉంటే అడ్డుకునేదే గెలుస్తుంది. అందుకే మీరు ఎన్ని కొత్త రూల్స్ రాసినా ఫలితం ఉండదు. ఫైర్‌వాల్ అడ్వాన్స్డ్ సెట్టింగుల్లో ఇన్‌బౌండ్ రూల్స్ తెరిచి, "ఓపెన్‌జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ" లేదా "జావా ప్లాట్‌ఫామ్ ఎస్ఈ బైనరీ" పేరుతో ఎర్ర గుర్తు ఉన్నవాటిని తీసేయండి. తర్వాత సర్వర్ మళ్లీ నడిపి, ఈసారి ఆ పెట్టెలో అనుమతి ఇవ్వండి. మీ వైఫై పబ్లిక్ నెట్‌వర్క్‌గా నమోదై ఉండి, అనుమతి ప్రైవేట్‌కు మాత్రమే ఇచ్చినా ఇదే గొడవ.

ఇంట్లో అందరికీ వస్తోంది, బయటివాళ్లకు "టైమ్డ్ ఔట్"

అసలు కథ ఇక్కడుంది.

ముందు తేలికవి. పోర్ట్ 25565, టీసీపీ, మీ కంప్యూటర్ లోకల్ ఐపీకి ఫార్వర్డ్ అయి ఉండాలి. "నిన్న పనిచేసింది, ఇవాళ చేయట్లేదు" అంటే లోకల్ ఐపీ మారిందేమో చూడండి. రౌటర్ నిన్న మీ కంప్యూటర్‌కు చివర 5 ఇచ్చి, ఇవాళ 7 ఇచ్చి ఉంటుంది. ఫార్వర్డింగ్ మాత్రం ఇంకా ఆ పాత 5 కే పంపుతూ ఉంటుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే లోకల్ ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టుకుంటే ఇంకెప్పుడూ మారదు. ఇంకొకటి: మీ ఇంట్లోంచే మీ పబ్లిక్ ఐపీ కొట్టి "నాకే రావట్లేదు" అనకండి. అలా బయటికెళ్లి తిరిగి లోపలికి రావడానికి చాలా రౌటర్లు ఒప్పుకోవు. పోర్ట్ చెకింగ్ సైట్‌తో పరీక్షించండి, అదీ సర్వర్ నడుస్తున్నప్పుడే. సర్వర్ ఆపేసి చూస్తే ఎవరికైనా మూసే ఉందని చూపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పోర్ట్ మూసే ఉందంటే, నేను ఎన్నో రాత్రులు పోగొట్టుకున్న కారణం ఇదే: సీజీనాట్.

సంగతేమిటంటే, ఇంటర్నెట్ అడ్రసుల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్నవి మొత్తం 429 కోట్ల చిల్లర అడ్రసులు. కొత్తగా పంచడానికి కేంద్ర నిల్వలో ఉన్నవి 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. దాంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క పబ్లిక్ ఐపీ వెనుక ఎన్నో ఇళ్లను పెట్టేస్తున్నాయి. ఇలా ఒక్క అడ్రస్ వెనుక చాలామందిని పెట్టడాన్ని నాట్ అంటారు; మీ ఇంట్లో రౌటర్ చేసే ఆ పనినే కంపెనీ తన దగ్గర ఇంకో పెద్ద యంత్రంతో చేస్తుంది, అదే సీజీనాట్. మీరు పోర్ట్ తెరిచింది మీ రౌటర్‌లో. ఫ్రెండ్ కనెక్షన్ మాత్రం కంపెనీ యంత్రం దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అది ఏ ఇంటికి పంపాలో దానికి తెలియదు. ఇంటి తలుపు బార్లా తెరిచి కూర్చున్నా వీధి మొదట్లో గేటుకు తాళం ఉన్నట్టు.

దీని దొంగబుద్ధి ఏమిటంటే, ఎక్కడా తప్పు ఉన్నట్టు కనబడదు. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా నడుస్తుంది. వేరేవాళ్ల సర్వర్లలో మీరు హాయిగా ఆడుకోవచ్చు, ఎందుకంటే అవి లోపలి నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లు. ఫార్వర్డింగ్ రూల్‌ను రౌటర్ ఒక్క మాట అనకుండా సేవ్ చేసుకుంటుంది. యూపీఎన్‌పీ (పోర్ట్‌ను తనంతట తానే తెరిపించే సదుపాయం) ఆన్ చేస్తే అదీ విజయవంతం అంటుంది. జనం అప్పుడు ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తారు, కంప్యూటర్‌ను డీఎంజెడ్‌లో పెడతారు (అంటే అన్ని పోర్ట్‌లూ దానికి తెరిచేస్తారు), చివరికి విండోస్ కూడా మళ్లీ ఎక్కిస్తారు. ఉన్న రక్షణ పోతుంది, ఫ్రెండ్ మాత్రం బయటే ఉంటాడు.

కనిపెట్టడం చాలా తేలిక. కంప్యూటర్‌లో వీపీఎన్ ఉంటే ముందు ఆపేయండి, లేకపోతే పోలిక తప్పుతుంది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపు ఉన్న అడ్రస్) ఎంత ఉందో రాసుకోండి. తర్వాత నా ఐపీ ఎంత అని చెప్పే ఏదైనా సైట్ తెరవండి. ఐపీవీ4 అడ్రస్‌నే చూడాలి, పొడుగ్గా అక్షరాలతో ఉండే ఐపీవీ6ను కాదు. రెండూ ఒకటే అయితే సీజీనాట్ లేదు, మీ తప్పు పైన చెప్పినవాటిలోనే ఎక్కడో ఉంది. రౌటర్‌లో 100.72.14.9 అని, సైట్‌లో 203.0.113.25 అని, ఇలా వేర్వేరుగా వస్తే మధ్యలో ఇంకో నాట్ ఉంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులను 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు కాబట్టి, రౌటర్‌లో అవి కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. 192.168 గానీ 10 తో మొదలయ్యేది గానీ కనిపిస్తే మాత్రం తొందరపడకండి. మీ ఇంట్లోనే మోడెమ్ ఒకటి, రౌటర్ ఒకటి, రెండూ నాట్ చేస్తుండవచ్చు. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లోకి (అది నాట్ చేయకుండా ఉండే మోడ్) మార్చి మళ్లీ పోల్చండి.

సీజీనాటే అని తేలాక మీ రౌటర్‌లో చేయగలిగింది ఏమీ లేదు. దారులు ఇవీ.

అన్నింటికన్నా సులువైనది, ఎవరికీ తట్టనిది: ఇంకొకరు హోస్ట్ చేయడం. బ్యాచ్‌లో అందరినీ ఆ రెండు నంబర్లు పోల్చి చూడమనండి. ఎవరికి ఒకటే వస్తే సర్వర్ వాళ్ల దగ్గర పెట్టండి. నలుగురైదుగురు ఆడే మామూలు సర్వర్‌కు పెద్ద గేమింగ్ కంప్యూటరే ఉండనక్కర్లేదు. వరల్డ్ ఫోల్డర్ కాపీ చేసి ఇస్తే మీరు కట్టిన ఇల్లూ పోదు.

కుదరకపోతే కంపెనీకి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ అడగండి. స్టాటిక్ ఐపీ అని మాత్రం అనకండి, దానికి విడిగా డబ్బు కట్టమనవచ్చు. మారుతూ ఉండే పబ్లిక్ ఐపీ అయినా మనకు చాలు. అవతలివాళ్లు "స్పీడ్ బాగానే వస్తోంది కదా" అంటే విసుక్కోకుండా "నా కనెక్షన్ సీజీనాట్ నుంచి తీసేయండి" అని ఆ పేరే వాడి చెప్పండి.

అదీ కాకపోతే టెయిల్‌స్కేల్ లేదా జీరోటైర్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్. అందరూ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఒకే వైఫైలో ఉన్నట్టే ఆడవచ్చు, ఫార్వర్డింగే అక్కర్లేదు. అన్నట్టు, టెయిల్‌స్కేల్ ఇచ్చే అడ్రసులు కూడా ఆ 100.64 - 100.127 మధ్యవే. అది చూసి మళ్లీ సీజీనాట్ అని టెన్షన్ పడకండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద సర్వర్ పెట్టేవాళ్లు నేరుగా ఈ దారికే రండి, అక్కడ సీజీనాట్ దాదాపు ఖాయం.

లోపలికి వచ్చారు, కానీ బ్లాక్ కొడితే మళ్లీ ప్రత్యక్షమవుతోంది

హోస్ట్‌కు అన్నీ పగులుతాయి, ఫ్రెండ్స్‌కు ఏదీ పగలదు. ల్యాగ్ అనుకుంటారు. కాదు, స్పాన్ ప్రొటెక్షన్, అంటే ఆట మొదలయ్యే చోటుకు (స్పాన్) సర్వర్ ఇచ్చే రక్షణ. సర్వర్‌లో ఎవరికైనా ఆప్ (అడ్మిన్ అధికారం) ఇచ్చిన క్షణం నుంచి, స్పాన్ చుట్టూ 16 బ్లాకుల వరకు ఆప్ లేనివాళ్లు ఏదీ పగలగొట్టలేరు, పెట్టలేరు. కాస్త దూరం నడిస్తే చాలు. లేదంటే సర్వర్ ప్రాపర్టీస్‌లో ఆ 16ను 0 చేసి సర్వర్ ఆపి మళ్లీ నడపండి. దీనికోసం అందరికీ ఆప్ ఇచ్చేయకండి, క్రియేటివ్ మోడ్ చేతికొచ్చాక సర్వైవల్ ఎంతసేపు నిలుస్తుందో మీకే తెలుస్తుంది.

మిగతావి

"ఇన్‌వాలిడ్ సెషన్" అంటే లాంచర్ మూసి మళ్లీ తెరవమనండి. వైట్‌లిస్ట్‌లో (అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) లేరని వస్తే అదేం జబ్బు కాదు, మీరే పేరు చేర్చలేదు. "అన్‌నోన్ హోస్ట్" అంటే అడ్రస్‌లో అక్షరం తప్పు. యాంటీవైరస్ అడ్డుపడటం, ఎంటీయూ (నెట్‌వర్క్ ప్యాకెట్ సైజు పరిమితి) లాంటివి ఎప్పుడో ఒకసారి తగులుతాయి, వాటిని చిట్టచివర చూడండి. ఆన్‌లైన్ మోడ్‌ను (ఆడేవాళ్ల అకౌంట్ నిజమైనదేనా అని చూసే సెట్టింగ్) ఫాల్స్ చేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. టైమ్డ్ ఔట్‌కు దానితో ఏ సంబంధమూ లేదు, పైగా ఎవరైనా మీ పేరుతోనే లాగిన్ అయి మీ ఆప్ అధికారం వాడుకోగలరు.