క్లౌడ్ మీ సంస్థకు సరిపడుతుందా? సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల చిన్న సంస్థల సర్వర్లు చూసుకునే పనిలో ఉన్న నన్ను యజమానులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పాత సర్వర్ మొరాయిస్తోంది, కొత్తది కొనాలా, క్లౌడ్‌కు (ఇంటర్నెట్ ద్వారా వాడుకునే అద్దె సర్వర్‌కు) మారాలా? దీనికి జవాబు చెప్పే పరీక్ష ఒక పూటలో అయిపోతుంది. అయినా అది చేయకుండానే ఏడాది చందా కట్టేసి, పని ఆగిపోయాక పిలిచేవారే ఎక్కువ. కాబట్టి ఆ పరీక్షనే ముందు చెబుతాను.

ఇప్పుడున్న సర్వర్‌ను కదపకండి. ఒక కంప్యూటర్‌ను ఆఫీసు బయటికి తీసుకువెళ్లి, ఎవరి ఇంటి ఫైబర్ లైనుకైనా కలిపి, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేరే భద్రమైన దారి) ద్వారా ఆ సర్వర్‌నే తెరిచి, రోజూ బిల్లులు కొట్టే గుమాస్తా చేతనే పది బిల్లులు కొట్టించండి, ఒక పార్టీ ఖాతా తీయించండి. ఫోను హాట్‌స్పాట్ అసలు కంటే ఎక్కువ ఆలస్యం చూపిస్తుంది కనుక దాన్ని చివరి ప్రత్యామ్నాయంగానే వాడండి. పట్టిన సమయాన్ని కాగితం మీద రాసుకోండి. ఈ పరీక్షలో కూలబడిన సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టుగా క్లౌడ్‌కు ఎక్కించకూడదు.

లక్షణం: ఆఫీసులో సెకనులో తెరుచుకునే ఖాతా క్లౌడ్‌కు మారాక నిమిషం తీసుకుంటోంది, కానీ ఇంటర్నెట్ వేగం మాత్రం 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది.

నన్ను బాగా దెబ్బతీసినది ఇదే. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను క్లౌడ్‌కు మార్చి, కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్‌ను అలాగే ఉంచాను. మర్నాటి నుంచి లోడు లారీలు గేటు దగ్గర బిల్లు కోసం నిలబడిపోయాయి. లైను వేగం పెంచాను, రౌటర్ మార్చాను, కేబుళ్లు మార్చాను. రెండు వారాలు పోయాయి కానీ ఒక్క సెకను కూడా తగ్గలేదు. చివరికి కంప్యూటర్‌కూ డేటాకూ మధ్య నడుస్తున్న రాకపోకలను లెక్కపెట్టినప్పుడు, ఒక్క ఖాతా తెరవడానికి ఆ సాఫ్ట్‌వేర్ దాదాపు 1,500 సార్లు డేటా ఫైలును అడుగుతోందని తెలిసింది.

ల్యాన్‌లో, అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో, ఒక ప్రశ్నా ఒక జవాబూ కలిపి అర మిల్లీసెకను పడుతుందనుకుంటే, 1,500 సార్లకు ముప్పావు సెకను అవుతుంది, ఎవరికీ తెలియదు. అదే ముంబైలోని సర్వర్‌కు వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టినా సరే, మొత్తం ఒక నిమిషం అవుతుంది, ఎందుకంటే ఒక ప్రశ్నకు జవాబు వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ రెండో ప్రశ్న వేయదు. లైను వెడల్పు ఎంత పెంచినా దూరం తగ్గదు. స్పీడ్ టెస్టు కొలిచే వేగం ఒకటి, ఇక్కడ మనల్ని ఆపుతున్న ఆలస్యం వేరొకటి. మన ప్రాంతంలో చాలాచోట్ల ఇంకా నడుస్తున్న పాత అకౌంటింగ్, స్టాకు ప్యాకేజీలు ఒకే ఫైలును అందరూ పంచుకునేవే కావడం వల్ల, ఈ చిక్కు మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లు తెరిచింది కదా, దగ్గరే కదా అనుకోవద్దు; మీ లైను ఏ ఊరి మీదుగా తిరిగి వెళుతుందో చెప్పలేం; వెళ్లి రావడానికి ఎంత సమయం పడుతుందో పింగ్ చేసి (సర్వర్‌కు చిన్న సంకేతం పంపి, జవాబు వచ్చే సమయం కొలిచి) చూస్తేనే తెలుస్తుంది.

పరిష్కారం: డేటానూ సాఫ్ట్‌వేర్‌నూ విడదీయకండి. రెండింటినీ క్లౌడ్‌లోని ఒకే యంత్రంలో పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా తెర మాత్రమే ఆఫీసుకు వచ్చేలా చేస్తే ఆ 1,500 ప్రశ్నలూ అక్కడికక్కడే తీరిపోతాయి. అయితే వేబ్రిడ్జి కాటా, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఆ యంత్రానికి సరిగ్గా అందుతున్నాయో లేదో ముందే ఒక రోజు నడిపి చూసుకోవాలి. అందకపోతే సర్వర్‌ను ఆఫీసులోనే ఉంచి, బ్యాకప్‌ను మాత్రం రోజూ రాత్రి క్లౌడ్‌కు పంపండి. ఆ గ్రానైట్ యూనిట్‌కు నేను చివరికి చేసింది ఇదే, అది ఇప్పటికీ సవ్యంగా నడుస్తోంది.

లక్షణం: మొదటి నెల బిల్లు అంచనాకు రెట్టింపు వచ్చింది.

గంటల లెక్కన అద్దె పడే యంత్రానికి నెలకు దాదాపు 730 గంటలు. మీ ఆఫీసు రోజుకు 10 గంటల చొప్పున 26 రోజులు పనిచేస్తే 260 గంటలే. మిగతా గంటలన్నీ ఎవరూ కూర్చోని యంత్రానికి అద్దె కడుతున్నారన్న మాట. రాత్రికి ఆగి ఉదయం లేచేలా అమర్చుకోండి; ఆపినా డిస్కు అద్దె మాత్రం సాగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. డేటా లోపలికి పంపడానికి సాధారణంగా రుసుము ఉండదు, బయటికి తీసుకోవడానికి ఉంటుంది. మూడు నెలల బిల్లులు చూడకుండా ఏడాది ఒప్పందం మీద సంతకం చేయకండి.

లక్షణం: గాలివాన వచ్చిన రోజు పని మొత్తం ఆగిపోతోంది.

రెండు కంపెనీల లైన్లు తీసుకున్నా రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే, ఆ స్తంభం పడిన రోజు రెండూ పోతాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చూసిన ఈ తీరంలో ఇది ఎవరికీ కొత్త విషయం కాదు. వీధిలోకి వెళ్లి తీగలను కళ్లతో చూడండి. రెండోది మొబైల్ నెట్‌వర్క్ మీద ఉంటే మేలు. ఒక పూట కూడా ఆగకూడని పని, ఉదాహరణకు గేటు దగ్గరి కాటా, క్లౌడ్ మీద ఆధారపడకూడదు.

లక్షణం: క్లౌడ్‌లో ఉన్న ఫైలు కూడా చెరిగిపోయింది.

అది బ్యాకప్ అనుకుని మీరు పెట్టుకున్నది సింక్ ఫోల్డర్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. వైరస్ ఇక్కడి ఫైళ్లకు తాళం వేస్తే అక్కడివీ అలాగే మారతాయి. పాత ప్రతులను కనీసం 30 రోజులు నిలిపి ఉంచే బ్యాకప్ పెట్టి, నెలకొకసారి ఒక ఫైలును వెనక్కి తీసి తెరిచి చూడండి.

చట్టపరమైన అడ్డంకులు చిన్న సంస్థకు చాలా అరుదు. కంపెనీగా నమోదైతే ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలోని సర్వర్‌లో ఉండాలని 2022లో సవరించిన నిబంధన చెబుతోంది. ముంబైనో హైదరాబాద్‌నో ఎంచుకుంటే సరిపోతుంది. ఒక క్లౌడ్ కంపెనీలో ఇరుక్కుపోతామన్న భయం మన స్థాయికి అనవసరం.

ఇక నిస్సంకోచంగా క్లౌడ్‌కు వెళ్లవలసినవారూ ఉన్నారు. పొగాకు వేలం నెలల్లో ఇరవై మంది, మిగతా కాలంలో ముగ్గురు కంప్యూటర్ల ముందు కూర్చునే కొనుగోలు సంస్థకు, ఆ కొన్ని నెలల కోసం పెద్ద సర్వర్ కొని మిగతా ఏడాదంతా ఊరికే ఉంచడం నష్టం. అలాంటివారు కూడా పైన చెప్పిన పది బిల్లుల పరీక్షను వేలం మొదలవడానికి నెల ముందే చేసుకోవాలి.