హీబ్రూ అక్షరాలు – 2వ పాఠం: బేత్

రెండో అక్షరం బేత్ మొదలుపెట్టే ముందు మళ్లీ తొలి అక్షరం ఆలెఫ్ దగ్గరికే వెళ్లాలి. పోయిన పాఠం చివర చదవమని ఇచ్చిన హీబ్రూ మాటలకు మీరు పంపిన జవాబుల్లో చాలావరకు ఒకే చోట తప్పాయి. వెలుగు అనే అర్థమున్న ‘ఓర్’ను ‘అర్’ అని చదివారు. ఆలెఫ్‌ను మన ‘అ’ అనుకోవడంతో వచ్చిన చిక్కు ఇది.

ఆలెఫ్ అచ్చు కాదు, హల్లు. ఆదామ్ (మనిషి), ఎమెత్ (సత్యం), ఈష్ (పురుషుడు), ఓర్: నాలుగూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి. అచ్చు మారుతోంది, అక్షరం మారడం లేదు. వద్దని చెప్పడానికి నోరు తెరవకుండా ‘ఉఁ ఉఁ’ అంటాం కదా, ఆ రెంటి నడుమ గొంతు ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఆ బిగింపే ఆలెఫ్ అసలు ధ్వని. నేటి హీబ్రూలో అదీ చాలావరకు వినిపించదు, పక్కనున్న అచ్చే వినిపిస్తుంది. ‘ఆలెఫ్ = అ’ అని రాసిన పట్టిక మీ దగ్గరుంటే దయచేసి చించివేయండి.

ఇక బేత్. అంటే ఇల్లు. బేత్లెహేము రొట్టెల ఇల్లు, బేతేలు దేవుని ఇల్లు. సీనాయిలోని సెరాబిత్ అల్ ఖాదిమ్‌లో 1905లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫ్లిండర్స్ పెట్రీకి దొరికిన చిన్న రాతి సింహిక (సింహం ఒంటికి మనిషి తల ఉన్న బొమ్మ, స్ఫింక్స్) మీద నాలుగు గుర్తుల మాట ఉంది. 1916లో ప్రాచీన ఈజిప్టు పండితుడు అలన్ గార్డినర్ దాన్ని ‘బఅలత్’, అంటే దొరసాని, అని చదివాడు. అందులో మొదటి గుర్తు ఇంటి బొమ్మ. అది చెక్కినవారి భాషలో ఇల్లు ‘బైత్’ కాబట్టి ఆ బొమ్మ ‘బ’ అయింది. ఆ లెక్కన మనం ఇల్లు గీస్తే ‘ఇ’ అయ్యేది. అలాగే ఆలెఫ్ ఎద్దు బొమ్మ, దాని నుంచే వచ్చిన ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ (A)ను తలకిందులు చేసి చూడండి, కొమ్ములు ఇప్పటికీ ఉన్నాయి.

రాయడం: పైన అడ్డగీత, కుడివైపు నిలువుగీత, కింద మరో అడ్డగీత. ఎడమవైపు వాకిలి తెరిచే ఉంటుంది. కింది గీత నిలువుగీతను దాటి కుడికి మడమలా కొంచెం పొడుచుకు రావాలి, లేకపోతే అలాగే కనిపించే మరో అక్షరం, కాఫ్, అయిపోతుంది. నేను ఆ గీతను విడిగా, చివర్లో, ఎడమ నుంచి కుడికి లాగుతాను. కడుపులో చుక్క ఉంటే ‘బ’, లేకపోతే ‘వ’.

అభ్యాసం: 119వ కీర్తన 9–16 వచనాలు హీబ్రూలో అన్నీ బేత్‌తోనే మొదలవుతాయి. తొలి మాటలు వరుసగా: బమ్మె, బెఖోల్, బెలిబ్బి, బారుఖ్, బిస్ఫాతయ్, బెదెరెఖ్, బెఫిక్కుదేఖా, బెహుక్కోతేఖా. వీటిలో ఏడింట బేత్ మన ‘లో’, ‘తో’ వంటి ప్రత్యయం. ఒక్కదానిలో మాత్రం అది ఆ మాట సొంత అక్షరం. తెలుగు బైబిలు పక్కన పెట్టుకుని అది ఏదో, ఎందుకో రాసి పంపండి.